నలభై వేల బొమ్మలు, ఒకే ఫోల్డరు: పర్లాకిమిడి ప్రెస్సులో ఒక సాంబా సర్వరు కేసు

ఆంధ్ర సరిహద్దున, ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు. పెళ్ళి శుభలేఖలు, కొట్ల బిల్లు పుస్తకాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు అక్కడి పని. ఊళ్ళో పార్టీలకు (పని ఇచ్చేవాళ్ళకు) ఒడియా, తెలుగు రెండూ కావాలి. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్ళకు తెలుగు చాలు. డీటీపీ యంత్రాలన్నీ విండోస్. తెలుగు పేజీలు అను ఫాంట్లతో, ఒడియా పేజీలు ఆకృతి ఫాంట్లతో, రెండూ పేజ్‌మేకర్‌లోనే చేస్తారు. ఫైళ్ళు మాత్రం లినక్స్ సర్వరులో ఉంటాయి. ఈఎక్స్‌టీ4 డిస్కు (లినక్స్ పద్ధతిలో ఫైళ్ళు అమర్చిన డిస్కు) మీద సాంబా (ఆ ఫైళ్ళను విండోస్‌కు అందించే ప్రోగ్రాం) నడుస్తుంది, విండోస్ యంత్రాలకు అది నెట్‌వర్క్ డ్రైవ్‌గా కనిపిస్తుంది.

ఫిర్యాదు ఇది: బొమ్మల ఫోల్డరులో కొత్త ఫైలు పెడితే ఆలస్యం, పాత శుభలేఖ తెరిస్తే ఆలస్యం, కొత్త బొమ్మల సెట్టు కాపీ చేస్తే ఇక సర్వరు పట్టీసినట్టే. డిస్కు మార్చాలని, ర్యామ్ పెంచాలని, నెట్‌వర్క్ స్విచ్ కొత్తది కొనాలని రకరకాల సలహాలు వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఈ జబ్బుకు మందు కాదు.

మొదట చూడాల్సింది భారం ఎక్కడ పడుతోందన్నది. కాపీ నడుస్తున్నప్పుడు సర్వరులో టాప్ కమాండు చూస్తే డిస్కు పనిలేకుండా ఉంది, ఒక ఎస్‌ఎమ్‌బీడీ (సాంబా) ప్రాసెస్ మాత్రం ఒక కోర్‌ను పూర్తిగా తినేస్తోంది. ఆ ప్రాసెస్‌కు ఎస్‌ట్రేస్ (ప్రాసెస్ లినక్స్‌ను అడిగే పనులను, అంటే కాల్స్‌ను, చూపే పనిముట్టు) తగిలించి కాల్స్ లెక్క తీస్తే, ఫైలు రాసే కాల్స్ కన్నా డైరెక్టరీ జాబితా చదివే గెట్‌డెంట్స్ కాల్స్ ఎన్నో రెట్లు ఎక్కువ. ఫైలు రాయమంటే సర్వరు ఫోల్డరు చదువుతూ కూర్చుంది. ఈ లక్షణం కనిపిస్తే హార్డ్‌వేర్ వైపు చూడనక్కర్లేదు.

ఎందుకు చదువుతోంది

విండోస్ దృష్టిలో ఇంగ్లిషు పెద్దక్షరాల పేరు, చిన్నక్షరాల పేరు ఒకటే. ఈఎక్స్‌టీ4 దృష్టిలో అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. ఈ రెండు నమ్మకాలకూ మధ్యవర్తి సాంబా. విండోస్ ఒక పేరు అడిగితే సాంబా ముందు ఉన్నదున్నట్టుగా అదే పేరుతో వెతుకుతుంది. ఈఎక్స్‌టీ4 పేరు బైట్లకు హాష్ (వాటి నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) కట్టి సూచిక పెట్టుకుంటుంది కాబట్టి, అక్షరం అక్షరం సరిపోతే ఫోల్డరు ఎంత పెద్దదైనా వెంటనే దొరుకుతుంది. సరిపోలేదంటే కథ మారుతుంది. ఒక్క అక్షరం పెద్దదైనా హాష్ పూర్తిగా వేరు, సూచిక పనికిరాదు. అప్పుడు సాంబా ఫోల్డరులోని పేర్లన్నీ వరసగా చదివి ఒక్కొక్కదానితో పోల్చుకుంటూ పోవాలి.

దొరికే పేరైతే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. లేని పేరైతే చివరి దాకా పోవాల్సిందే. కొత్త ఫైలు సృష్టించడమంటేనే లేని పేరు అడగడం. "ఈ పేరు ఏ రూపంలోనూ ఇక్కడ లేదు" అని తేల్చుకున్నాకే సాంబా సృష్టిస్తుంది. సాంబాకు స్టాట్ క్యాష్ ఉంది గానీ అది ఒకసారి దొరికిన పేర్లనే గుర్తుపెట్టుకుంటుంది, లేని పేర్లకు దానివల్ల ఉపయోగం లేదు. దీనికి తోడు విండోస్ ఎక్స్‌ప్లోరర్ ప్రతి ఫోల్డరులోనూ తన సొంత సెట్టింగుల ఫైలు ఉందా అని అడుగుతుంది. అది లేకపోతే ఆ ఒక్క ప్రశ్నకే ఇంకో పూర్తి చుట్టు.

బొమ్మల ఫోల్డరులో వినాయకులు, కలశాలు, అరటి చెట్లు, బోర్డర్లు, కంపెనీ లోగోలు అన్నీ కలిపి నలభై వేల దాకా ఫైళ్ళున్నాయి, ఉపఫోల్డర్లు లేవు. ఒక్క చుట్టు తిరగడం పెద్ద పనేం కాదు. కానీ ఖాళీ ఫోల్డరులోకి 40,000 ఫైళ్ళు కాపీ చేస్తే మొదటి ఫైలుకు సున్నా పోలికలు, చివరిదానికి దాదాపు 40,000. అన్నీ కూడితే 40,000 వర్గంలో సగం, అంటే 80 కోట్ల పోలికలు. ఫైళ్ళు రెట్టింపైతే పోలికలు నాలుగింతలు. చిన్న ఫోల్డరులో చేసిన పరీక్ష ఈ సమస్యను ఎప్పటికీ చూపించదు, అందుకే సర్వరు కొత్తలో బాగుండి ఏళ్ళు గడిచాక కుంటుతుంది.

పాత శుభలేఖల సంగతి వేరు. పేజ్‌మేకర్ ఫైలు తనలో వాడిన బొమ్మ దారిని రాసుకుంటుంది. ఏళ్ళ కింద చేసిన ఫైళ్ళలో ఆ దారులు చాలావరకు పెద్దక్షరాల్లో ఉన్నాయి, డిస్కు మీద బొమ్మల పేర్లు మిశ్రమంగా ఉన్నాయి. పన్నెండు బొమ్మలున్న కార్డు తెరిస్తే పన్నెండుసార్లు ఫోల్డరు తిరగాలి.

పేర్ల తనిఖీ, సెట్టింగులకు ముందు

ఇక్కడ వేగం రావాలంటే ఒకటే దారి: సాంబా వేసే ప్రశ్నల్లో ఏదో ఒకదాన్ని మానిపించాలి. ఏ ప్రశ్న మానిపించినా నష్టం లేదన్నది ఆ షేరులో (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డరులో) ఉన్న పేర్లను బట్టే తెలుస్తుంది. కాబట్టి సాంబా సెట్టింగులు ముట్టుకునే ముందు పేర్లన్నిటినీ తనిఖీ చేయాలి. పైథాన్‌లో చిన్న స్క్రిప్టు చాలు. ప్రతి ఫోల్డరులోని ప్రతి పేరుకూ నాలుగు విషయాలు రాసుకోవాలి: పేరును చిన్నక్షరాల్లోకి మారిస్తే ఏమవుతుంది, యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ (విడి గుర్తులను ఒకే కోడ్‌గా కలిపే) రూపంలోకి మారిస్తే ఏమవుతుంది, కనిపించని జాయినర్ అక్షరాలు (అక్షరాలు కలవాలో విడిగా ఉండాలో చెప్పే గుర్తులు) తీసేస్తే ఏమవుతుంది, యూటీఎఫ్-8లో (లినక్స్‌లో పేర్లు దాచే కోడింగ్‌లో) ఎన్ని బైట్లు. మొదటి మూడింటిలో ఏ మార్పు వల్లనైనా ఒకే ఫోల్డరులోని రెండు పేర్లు ఒకటైపోతే ఆ జంటను విడిగా జాబితాలో వేయాలి.

ఈ సరిహద్దు ఊళ్ళలో ఈ తనిఖీ దాటవేయకూడదు. తెలుగుకూ ఒడియాకూ పెద్దక్షరాలు లేవు కాబట్టి బెడద లేదనుకుంటారు. బెడద వేరే దారిన వస్తుంది.

తెలుగు ఐత్వం (ై) ఒకే కోడ్‌గా ఉండొచ్చు, లేదా ఎత్వం (ె) పక్కన కింద చేరే గుర్తు (ౖ) పెట్టి రెండు కోడ్లుగా ఉండొచ్చు. తెర మీద తేడా కనపడదు. ఒడియాలో ఓత్వమూ అంతే: ఒకే కోడ్, లేదా ఏత్వం గుర్తు, దీర్ఘం గుర్తు కలిపి రెండు. మాక్‌లో పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు పేర్లను ఇలా విడగొట్టే దాచుకుంటాయి. బరంపురం స్టూడియోల నుంచి మాక్‌లో చేసిన ఆల్బం ఫైళ్ళు ఆ డిస్కుల మీద వస్తే, విండోస్‌లో టైపు చేసిన అదే పేరుతో అవి కలవవు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కూ (విండోస్ డిస్కు పద్ధతి), మామూలు ఈఎక్స్‌టీ4కూ, సాంబాకూ ఇవి రెండు వేర్వేరు పేర్లు.

మూడోది జీరో విడ్త్ నాన్ జాయినర్. "ప్రూఫ్‌లు" అని విడిగా రాయడానికి పొల్లు తర్వాత అది పడుతుంది, లేకపోతే "ప్రూఫ్లు" అని ఒత్తు పడుతుంది. ఇక్కడైతే కంటికి తేడా తెలుస్తుంది. కానీ టైపింగ్ పనిముట్లు దాన్ని మాట చివరన, అచ్చు గుర్తు తర్వాత కూడా వదిలేస్తుంటాయి. అక్కడ అది పూర్తిగా కనిపించదు, ఫైలు పేరు మాత్రం మూడు బైట్లు పెరిగి వేరే పేరవుతుంది.

ఇక నిడివి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకు 255 యూటీఎఫ్-16 యూనిట్లు (తెలుగులో ఒక్కో కోడ్‌కు ఒక యూనిట్), లినక్స్‌లో 255 బైట్లు. తెలుగులో ఒక్కో కోడ్ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి 85 కోడ్లకే పరిమితి అయిపోతుంది. "శ్రీ" ఒక్కటే నాలుగు కోడ్లు, పన్నెండు బైట్లు. వధూవరుల పేర్లు, ఊరు, తేదీ అన్నీ పెట్టి దాచుకున్న పీడీఎఫ్ పేరు విండోస్‌లో చక్కగా ఉంటుంది, సర్వరులోకి రానే రాదు, కాపీ మధ్యలో ఆగుతుంది. దీనికి వేగంతో సంబంధం లేకపోయినా తనిఖీ స్క్రిప్టు ఎలాగూ అన్ని పేర్లూ చదువుతోంది కనుక ఇదీ అందులోనే పట్టుకోవాలి.

ఇక్కడి తనిఖీలో తేలిన రూపం స్పష్టంగా ఉంది. బొమ్మల ఫోల్డరులో దాదాపు అన్నీ ఇంగ్లిషు అక్షరాల పేర్లే. అది యాదృచ్ఛికం కాదు. పేజ్‌మేకర్ యూనికోడ్ రాకముందు పద్ధతిలో పనిచేసే ప్రోగ్రాం, విండోస్‌లో యూనికోడ్ తెలియని ప్రోగ్రాములకు తెలుగు కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) లేదు, తెలుగు పేరున్న ఫైలును అది తెరవలేదు. కాబట్టి పేజ్‌మేకర్ ముట్టుకునే ప్రతి పేరూ ఇంగ్లిషులో ఉండక తప్పదు. తెలుగు, ఒడియా పేర్లన్నీ జాబుల (పార్టీలు ఇచ్చిన పనుల) వైపు ఉన్న పీడీఎఫ్‌లు, ఫొటోలు, పార్టీ పంపిన వాట్సాప్ బొమ్మలకే ఉన్నాయి. జాబు ఫోల్డర్ల పేర్లు అంకెలే, ఒక్కో దానిలో యాభై లోపు ఫైళ్ళు.

మూడు దారులు

మొదటిది, సాంబాలో పేర్లన్నిటినీ చిన్నక్షరాల్లోకి తోయడం. షేరు సెట్టింగుల్లో కేస్ సెన్సిటివ్ ఎస్ (అవును; కేస్ అంటే పెద్ద, చిన్నక్షరాల తేడా), డిఫాల్ట్ కేస్ లోయర్, ప్రిజర్వ్ కేస్ నో, షార్ట్ ప్రిజర్వ్ కేస్ నో. క్లయింటు ఏ రూపంలో అడిగినా సాంబా చిన్నక్షరాల్లోకి మార్చి, ఒక్కసారి కచ్చితంగా వెతికి, లేకపోతే లేదంటుంది. చుట్టు తిరగడం ఉండదు. పెద్ద డైరెక్టరీలకు సాంబా వాళ్ళే చెప్పే పద్ధతి ఇది. దీనికి చెల్లించే మూల్యం రెండు: పేర్లలో పెద్దక్షరాలు శాశ్వతంగా పోతాయి. డిస్కు మీద ఎక్కడైనా ఒక్క పెద్దక్షరం మిగిలితే ఆ ఫైలు జాబితాలో కనిపిస్తుంది గానీ తెరుచుకోదు.

రెండోది, ఈఎక్స్‌టీ4లోనే కేస్‌ఫోల్డ్, అంటే పెద్ద, చిన్నక్షరాల తేడా చూడకుండా పేర్లు పోల్చే ఏర్పాటు. 2019లో లినక్స్ 5.2తో వచ్చింది. ఫైల్ సిస్టమ్‌లో ఆ ఫీచర్ ఉండాలి, ఆపైన ఖాళీ డైరెక్టరీకి సీహెచ్‌యాట్ర్‌తో ఎఫ్ గుర్తు పెట్టాలి. ఫైళ్ళున్న డైరెక్టరీకి అది పడదు. పడ్డాక కెర్నెల్ (లినక్స్ మూల భాగం) మడిచిన, అంటే అక్షరాల తేడా తీసేసిన, పేరుకే హాష్ కడుతుంది, పెద్దక్షరాలతో అడిగినా సూచికలోనే దొరుకుతుంది, పేరు అసలు రూపమూ నిలుస్తుంది. విండోస్ ఆటలను లినక్స్‌లో ఆడించడానికీ, ఆండ్రాయిడ్ ఫోన్ల నిల్వకూ ఇది బాగా పనికొచ్చింది. వేగమూ, అక్షరాల మర్యాదా రెండూ దక్కుతాయి కాబట్టి ఇదే సరైన జవాబనిపిస్తుంది.

జాబుల వైపు దీన్ని పెట్టలేదు. కేస్‌ఫోల్డ్ కేస్‌నే కాదు, యూనికోడ్ రూపభేదాలనూ మడుస్తుంది, కనిపించని అక్షరాలనూ వదిలేస్తుంది. రెండు రకాల ఐత్వాలూ దానికి ఒకటే. కంటికి వేరుగా కనిపించే "ప్రూఫ్‌లు", "ప్రూఫ్లు" కూడా దానికి ఒకటే. ఎన్‌టీఎఫ్‌ఎస్ అలా కాదు. అది ఫార్మాట్ చేసినప్పుడు డిస్కులోనే రాసిపెట్టుకున్న 128 కేబీల అప్‌కేస్ (ఏ చిన్నక్షరానికి ఏ పెద్దక్షరమో చెప్పే) పట్టికతో ఒక్కో యూనిట్‌ను ఒక్కో యూనిట్‌తోనే పోలుస్తుంది, అంతకు మించి ఏమీ చూడదు. విండోస్ డిస్కులో రెండుగా ఉన్న ఫైళ్ళను కేస్‌ఫోల్డ్ ఫోల్డరులోకి కాపీ చేస్తే రెండోది మొదటిదాని మీద పడుతుంది. చివరికి మిగిలేది ఒక్క ఫైలు: పేరు మొదటిది, లోపలి సరుకు రెండోది. పెళ్ళి వాళ్ళ ఫైనల్ ప్రూఫ్ అలా పోతే ఎవరికీ ఎర్రర్ కనిపించదు. నెమ్మదిగా నడిచే సర్వరు మీద అందరూ విసుక్కుంటారు గానీ ఇలాంటి నష్టం అచ్చయ్యాక గానీ బయటపడదు, అందుకే ఈ రెండింటినీ ఒకే తూకంలో పెట్టకూడదు.

ఇంకో కారణమూ ఉంది. మడిచిన పేరు హాష్ డిస్కు మీద శాశ్వతంగా ఉంటుంది. మడిచే నియమం మారితే పాత హాష్‌లు తప్పవుతాయి. 2024లో కెర్నెల్‌లో సరిగ్గా ఇదే జరిగింది: కనిపించని అక్షరాలను ప్రత్యేకంగా చూడడం మానేసిన ఒక మార్పు వల్ల, కేస్‌ఫోల్డ్ డైరెక్టరీల్లో అలాంటి అక్షరాలున్న పాత పేర్లు వెతికితే దొరకని పరిస్థితి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. ఆ అక్షరాల గుంపులో తెలుగువాళ్ళు రోజూ వాడే నాన్ జాయినర్ ఉంది. భద్రత కోసమని మొదలైన మార్పు అది, ఉద్దేశంలో తప్పేమీ లేదు. పేర్లకు అర్థం చెప్పే బాధ్యతను ఫైల్ సిస్టమ్ నెత్తిన పెడితే ఎంత దూరం పోతుందో మాత్రం దానితో తెలుస్తుంది.

మూడోది, ఫోల్డరును ముక్కలు చేయడం. పోలికల సంఖ్య తగ్గుతుంది, కచ్చితత్వానికి ఏ హానీ లేదు. కానీ పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ లింకులన్నీ తెగుతాయి, ఒక్కొక్కటీ చేత్తో కలపాలి. కొత్త షేరుకైతే మొదటి రోజే చేయాల్సిన పని ఇది.

నిర్ణయం ఇలా కుదిరింది. బొమ్మల షేరుకు మొదటి దారి, ఎందుకంటే పేర్లు ఇంగ్లిషువి, పెద్దక్షరాలు పోయినా ఎవరికీ నష్టం లేదు, ఫోల్డరు పెద్దది. జాబుల షేరుకు సాంబా మామూలు పద్ధతి, కేస్ సెన్సిటివ్ ఆటో. అక్కడ ఫోల్డర్లు చిన్నవి, ఒక చుట్టుకు యాభై పేర్లే. అంకెల పేర్లు ఎలాగూ మొదటి ప్రయత్నంలోనే దొరుకుతాయి. పైగా తెలుగు, ఒడియా పేర్ల విషయంలో సాంబా ఇచ్చే జవాబు విండోస్ జవాబుతో సమానం: కేస్ చూడదు, యూనికోడ్ రూపాలను కలపదు.

పేర్లు మార్చిన క్రమం

ముందు బొమ్మల షేరును రీడ్ ఓన్లీ చేసి, అందరి చేతా పేజ్‌మేకర్ మూయించి, సాంబా ఆపాలి. బయటి డిస్కుకు పూర్తి బ్యాకప్. తర్వాత ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 మొత్తం (ఫైలు లోపలి సరుకును బట్టి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి ఒక జాబితా. చిన్నక్షరాల్లోకి మారిస్తే ఢీకొనే జంటలను ఈ జాబితాలో చూడాలి: మొత్తాలు ఒకటైతే ఒకదాన్ని పక్క ఫోల్డరులోకి తరలించొచ్చు. వేరైతే రెండు బొమ్మలూ వేర్వేరు, డీటీపీ ఆపరేటరు చూసి చెప్పాకే రెండోదానికి కొత్త పేరు. స్క్రిప్టు తనంతట తాను ఏ జంటనూ తేల్చకూడదు. పేరు మార్చే కమాండు ఉన్న ఫైలు మీద రాయకుండా ఉండే ఆప్షన్‌తో నడవాలి.

పేర్లు మార్చాక మళ్ళీ ఎస్‌హెచ్‌ఏ జాబితా తీసి, పేర్లు పక్కన పెట్టి మొత్తాలను మాత్రమే వరసపెట్టి పోల్చాలి. రెండు జాబితాలూ బైటు తేడా లేకుండా కలవాలి, పక్కకు తరలించినవి లెక్కలోకి తీసుకుని. పెద్దక్షరం మిగిలిన పేరు ఒక్కటైనా ఉందా అని ఫైండ్ కమాండుతో వెతికితే ఏమీ రాకూడదు. ఆ తర్వాతే నాలుగు సెట్టింగులు పెట్టి, టెస్ట్‌పార్మ్‌తో తనిఖీ చేసి, సాంబా మొదలుపెట్టాలి.

పరీక్షలకు పాత శుభలేఖలే సరైన సరుకు. పెద్దక్షరాల లింకులున్నది ఒకటి, మిశ్రమంగా ఉన్నది ఒకటి తెరిచి అన్ని బొమ్మలూ పూర్తి రిజల్యూషన్‌తో వస్తున్నాయా చూడాలి. పేజ్‌మేకర్ లింకు దొరక్కపోయినా తెర మీద చిన్న నమూనా బొమ్మ చూపిస్తుంది కాబట్టి కంటితో సరిపెట్టుకోకుండా లింకుల పట్టిక తెరవాలి. కమాండ్ విండోలో నక్షత్రం గుర్తుతో, పెద్దక్షరాల ఎక్స్‌టెన్షన్ ఇచ్చి డిర్ కొట్టి చూడాలి. ఈ సెట్టింగులతో నక్షత్రం వెతుకులాటలో కేస్ లెక్కకొస్తుంది, పాత బ్యాచ్ ఫైళ్ళు ఏవైనా దానిమీద ఆధారపడి ఉంటే అక్కడ తెలుస్తుంది.

తర్వాత వచ్చే చిక్కు దాదాపు ఎప్పుడూ సర్వరు వైపు నుంచే వస్తుంది. స్కానర్ ఎఫ్‌టీపీ ద్వారా నేరుగా డిస్కు మీద పెద్దక్షరాల పేరుతో ఫైలు పెడితే సాంబా దాన్ని మార్చే అవకాశమే లేదు. విండోస్‌లో కనిపిస్తుంది, నొక్కితే "లేదు" అంటుంది. స్కానర్‌ను ఎస్‌ఎమ్‌బీ (సాంబా వాడే విండోస్ పద్ధతి) ద్వారా రాయించడమే దీనికి మందు, అప్పుడు పేరు దారిలోనే చిన్నదవుతుంది. బ్యాకప్ నుంచి పాత ఫైలు తెచ్చినప్పుడూ ఇదే జాగ్రత్త. ఏ ఫైలైనా సాంబా గుమ్మం గుండానే లోపలికి రావాలన్నది ఈ షేరుకు నియమం.

ముట్టుకోని సెట్టింగు

వేగం కోసం స్ట్రిక్ట్ సింక్ నో పెట్టమని చాలామంది చెబుతారు. విండోస్ ప్రోగ్రాం "ఇప్పటిదాకా రాసింది డిస్కు మీదకు దించు" అని అడిగితే, ఎస్ ఉన్నప్పుడు సాంబా నిజంగా దించాకే సరే అంటుంది. నో పెడితే దించకుండానే సరే అంటుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కులో ఒక చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, ప్రతి దింపుడుకూ ఆ స్థాయి ఆలస్యం తప్పదు. వందల చిన్న ఫైళ్ళకు అది తెలుస్తుంది. అయినా ఎస్‌గానే ఉంచారు. గజపతి జిల్లాలో గాలివానకు కరెంటు పోవడం మామూలు సంగతి, 2018 అక్టోబరు తిత్లీ తుపానును ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. బొమ్మల షేరులో మానిపించిన ప్రశ్నకు జవాబు ముందే తెలుసు: పేర్లన్నీ చిన్నక్షరాలే. ఇక్కడ మానిపించబోయే ప్రశ్నకు జవాబు కరెంటు పోయే క్షణం దాకా తెలియదు.

పార్టీలు తెచ్చే డిస్కులు

ఫొటోగ్రాఫర్ల బయటి డిస్కులు ఎక్కువగా ఎన్‌టీఎఫ్‌ఎస్. లినక్స్‌లో వాటికి ఎక్కువగా వాడే డ్రైవర్లు రెండు: ఫ్యూజ్ (కెర్నెల్ బయట డ్రైవర్ నడిపే ఏర్పాటు) మీద నడిచే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ, 2021లో లినక్స్ 5.15తో కెర్నెల్‌లో చేరిన ఎన్‌టీఎఫ్‌ఎస్3. మొదటిదానిలో ప్రతి పనికీ కెర్నెల్‌కూ యూజర్ ప్రోగ్రాంకూ మధ్య రాకపోకలు ఉంటాయి, రెండోదానికి ఆ ఖర్చు లేదు. సర్వరులో వేగమైన ఎన్‌టీఎఫ్‌ఎస్3నే వాడతారు, కానీ చదవడానికి మాత్రమే, రీడ్ ఓన్లీ మౌంట్‌తో. ఫైళ్ళు తిరిగి పార్టీ డిస్కు మీద రాయాలంటే దాన్ని విండోస్ యంత్రానికే తగిలించాలి. లినక్స్ నుంచి రాస్తే, కేస్ మాత్రమే తేడా ఉన్న రెండు పేర్లు ఒకే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫోల్డరులో పడే అవకాశం ఉంది. తర్వాత విండోస్ వాటిలో ఒకదాన్నే తెరవగలదు, ఆ డిస్కు అప్పటికి మన చేతిలో ఉండదు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి ఎజెక్ట్ చేయకుండా లాగేసిన డిస్కు అయితే అందులో చివరి మార్పులు పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. డర్టీ గుర్తు (సరిగ్గా మూయలేదని తెలిపేది) ఉన్న డిస్కును రాయడానికి మౌంట్ చేయమంటే ఎన్‌టీఎఫ్‌ఎస్3 ఒప్పుకోదు. అక్కడ ఫోర్స్ ఆప్షన్ పెట్టకూడదు. డిస్కును పార్టీ ల్యాప్‌టాప్‌కే తిరిగి పెట్టించి, రీస్టార్ట్ చేయించి, సరిగ్గా ఎజెక్ట్ చేయించి తీసుకోవాలి. కాపీకి ముందు పేర్ల తనిఖీ స్క్రిప్టును ఈ డిస్కు మీదా నడపాలి: 255 బైట్లు దాటిన పేర్లకు జాబు నంబరుతో పొట్టి పేరు పెట్టి, పాత పేరు–కొత్త పేరు జాబితాను అదే జాబు ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలుగా ఉంచాలి.

ఇంకా మిగిలింది బీరువాలోని పాత జాబుల సీడీలు. జోలియెట్ (సీడీలో పొడుగు పేర్లు దాచే విండోస్ పద్ధతి) లేని సీడీల్లో పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, లినక్స్ వాటిని మౌంట్ చేసేటప్పుడు తనే చిన్నక్షరాల్లోకి మార్చి చూపిస్తుంది, కాబట్టి సాంబా గుమ్మం నియమాన్ని తప్పించి అవి బొమ్మల షేరులోకి నేరుగా చేరినా ఇబ్బంది లేదు. జోలియెట్ ఉన్నవాటిలో రాసినప్పటి అక్షరాలు అలాగే ఉంటాయి. వాటిని సర్వరులో కాపీ చేయకుండా విండోస్ యంత్రం నుంచి సాంబా మీదుగానే ఎక్కించాలి, అది కూడా ముందు ఎస్‌హెచ్‌ఏ జాబితాతో పోల్చి, ఇప్పటికే ఉన్న బొమ్మలను వదిలేసి.